ఎర్ర టేపు చుట్టిన జగ్గు

డండీ ఊళ్ళో ఆసుపత్రి, పిల్లల వార్డు బయట, కిటికీ పక్కన ఒక బెంచీ. ఎల్స్పెత్ ఒళ్ళో ఎప్పుడో చల్లారిపోయిన టీ కప్పు ఉంది. సముద్రంలో చమురు తీసే రిగ్గు మీంచి హెలికాప్టర్లో దిగి, ఇంట్లో సంచి పడేసి పరుగెత్తుకొచ్చిన కొడుకు ఫ్రేజర్, ఎంత చెప్పినా కూర్చోకుండా ఆవిడ ఎదురుగానే నిలబడ్డాడు.

"అది కాదమ్మా నేనడిగేది. ఎలుకని దేంట్లో వేడి చేశావని."

"నీళ్ళల్లో."

"నీళ్ళల్లోనేలే. ఆ నీళ్ళు దేంట్లో పోశావు?"

"జగ్గులో. ముందు కూర్చోరా. మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. దారిలో ఏమన్నా తిన్నావా?"

"ఏ జగ్గులో?"

"ఆ మూల మిషన్లో బిస్కెట్లున్నాయి, పోయి ఒక—"

"అమ్మా! ఏ జగ్గు?"

"నువ్వు చెప్పిన జగ్గే. ఎర్ర టేపు చుట్టి షెడ్డులో పెట్టావే, అదే. అరవకు. లోపల పసిపిల్లలు పడుకున్నారు."

"అరవట్లేదు."

"నువ్వు మామూలుగా మాట్లాడినా అవతలి ఒడ్డు వాడిని పిలిచినట్టే ఉంటుంది. ఆ రిగ్గు మీద మిషన్ల మధ్య ఉండి ఉండి నీ గొంతు అలా అయిపోయింది. మెల్లగా."

"సరే, మెల్లగానే. పాపకి ఎలా ఉంది?"

"వెన్నులోంచి నీరు తీశారు. క్రిమి మెదడు దాకా పాకిందో లేదో దాన్ని బట్టి చెప్తారట. జ్వరం దిగట్లేదు. నిన్నంతా ఏడవడానికి కూడా ఓపిక లేక తోటకూర కాడలా వేలాడిపోయిందిరా. మన ఐల్సా ఏడిస్తే పక్కింటివాళ్ళు గోడ కొట్టేవాళ్ళు కదూ? నిన్న, ఒక్కసారి ఏడవ్వే తల్లీ, నీకు దణ్ణం పెడతాను అన్నాను."

"సాల్మొనెల్లా అన్నది ఖాయమేనా?"

"ఖాయమే. ఆ పేరు పలకడానికి నాకు నాలుక తిరగదు గానీ, అదేనట. ఆరోగ్యశాఖ నుంచి ఒకావిడ వచ్చి కూర్చుంది. కోడిమాంసం ఎక్కడ కొంటారు, గుడ్లు ఎలా ఉడకపెడతారు, అన్నీ అడిగింది. ఆఖర్న, ఇంట్లో తాబేలు గానీ బల్లి గానీ పాము గానీ పెంచుతున్నారా అంది. అంతే, మీ అక్క లేచి నిలబడింది."

"ఏమంది?"

"ఏమంటుంది? ఉంది, మా తమ్ముడిది ఉంది, వాడు చేతులు కడుక్కోడు అంది."

"నేనా? నేను చేతులు కడుక్కోనా? నా చేతులు చూడు, సబ్బుకి తోలు ఊడిపోయింది!"

"నాకు తెలీదా? తల్లిరా అది. పిల్ల అలా పడుంటే ఎవరో ఒకరిని అనాలి. నిన్ను కాకపోతే నన్నంటుంది, నన్ను కాకపోతే దేవుణ్ణంటుంది. పట్టించుకోకు."

"నా పాము మార్మలేడ్‌ని చంపేస్తానందట. ఉనా పిన్ని ఫోన్లో చెప్పింది."

"పార తీసుకుని బయల్దేరుతానంది. నోటిమాటేలే. పాముని చూస్తేనే కుర్చీ ఎక్కుతుంది అది, పార ఎక్కడ ఎత్తుతుంది?"

"నవ్వకమ్మా. నేను బళ్ళో చదివేటప్పట్నుంచి ఉందది నా దగ్గర. ఒక్కరిని కరిచింది లేదు. ఒకరికి జలుబు తెప్పించింది లేదు. అక్క పాపని తీసుకుని మనింటికి వచ్చినప్పుడు నేనేం చేశాను? దాని సామానంతా షెడ్డుకి మార్చానా లేదా? దాని మేతకి తెచ్చే చచ్చిన ఎలుకలకి వేరే ఫ్రీజరు కొన్నానా లేదా?"

"మార్చావు. కొన్నావు."

"నీకు ఎలా చెయ్యాలో నేర్పానా లేదా?"

"నేర్పావురా. ఒకసారి కాదు, నేను నిద్దట్లో అడిగినా చెప్పేదాకా నేర్పావు. పెట్టే ముందు రోజు ఒక ఎలుకని తీసి ప్లాస్టిక్ సంచీలో కట్టి మూతున్న డబ్బాలో వేసి షెడ్డులో చిన్న ఫ్రిజ్జులో పెట్టాలి. బయట బల్ల మీద వదిలెయ్యకూడదు, కుళ్ళడం మొదలవుతుంది. మర్నాడు సంచీ పళంగా ఎర్ర టేపు జగ్గులో గోరువెచ్చటి నీళ్ళల్లో ముంచాలి. మరిగే నీళ్ళు పొయ్యకూడదు, పైన ఉడికి లోపల గడ్డగానే ఉంటుంది. మైక్రోవేవ్ అన్నమాటే ఎత్తకూడదు, పగిలి పేగులు బయటికొస్తాయి. ఒంటి వేడికి వచ్చాక తుడిచి, పొడుగు పట్టకారుతో పట్టుకుని అందించాలి. ఆ నీళ్ళు వంటింటి సింకులో పొయ్యకూడదు. తినకపోతే మళ్ళీ ఫ్రీజర్లో పెట్టకూడదు. చేతులు సబ్బుతో, మోచేతుల దాకా. ఏమన్నా వదిలేశానా?"

"లేదు."

"నాకు చర్చి ప్రార్థన కూడా ఇంత బాగా రాదు."

"మరి ఇంత తెలిసి... అమ్మా, నేను ముందు ఇంటికెళ్ళాను."

"సంచి పడెయ్యడానికి వెళ్ళావు. తెలుసు."

"షెడ్డుకి వెళ్ళాను. జగ్గు చూశాను."

"మరి చూశావుగా. ఉందిగా."

"ఉంది. అందులో సాలీడు గూడు కట్టుకుంది."

"మన షెడ్డులో సాలీళ్ళకేం కొదవ?"

"అడుగు నుంచి మూతి దాకా కట్టుకుంది. ఎండిపోయిన ఈగలు కూడా ఉన్నాయందులో. ఆ జగ్గులో నీళ్ళు పోసి చాలా రోజులైందమ్మా."

"నాకేం కనపడుతుందిరా ఆ చీకట్లో, సాలీడో, ఈగో."

"అవును, అడగడం మర్చిపోయాను. కళ్ళ డాక్టరు ఏమన్నాడు?"

"రెండిట్లోనూ శుక్లాలేనట. ఎండలు ముదిరాక ఆపరేషన్ చేస్తారట. ఏదో మందు వేశాడు, సాయంత్రం దాకా లోకమంతా పొగమంచే. ఉనా వచ్చి వాళ్ళింటికి తీసుకుపోయింది."

"చెప్పావులే ఫోన్లో. పిన్ని పిల్లిని దిండనుకుని తల ఆనించావని."

"అది అరిచింది, నేనూ అరిచాను, ఉనా టీ అంతా ఒలకబోసుకుంది. ఆ పిల్లి ఇంకా నా మొహం చూడట్లేదట."

"నవ్వించి తప్పించుకుందామనుకోకు. మొన్న గురువారం పాముకి పెట్టమన్నాను. పెట్టావా?"

"పెట్టడమైంది. తిన్నది కూడా. పొట్ట దగ్గర ఉబ్బెత్తుగా కనపడలా నీకు?"

"తిన్నదని నాకూ తెలుసు. జగ్గులో కాకపోతే మరి దేంట్లో వేడయింది ఆ ఎలుక?"

"వదిలెయ్ రా. ఎలాగో అయింది."

"నీళ్ళు నమలకమ్మా! గడ్డకట్టినంత మాత్రాన ఆ క్రిమి చావదని చెప్పానా నీకు? నిద్రపోతుంది అంతే. వెచ్చబడగానే లేచి కూర్చుంటుంది. ఎలుక ఏ గిన్నెలో కరిగిందో ఆ గిన్నెలోనే మిగులుతుందది. అందుకే అడుగుతున్నా. సూప్ గిన్నెలో పెట్టావా?"

"ఛీ, ఛీ."

"నీ టీ కప్పులోనా?"

"నాకు మతిపోయిందనుకున్నావా?"

"మరి పాలసీసా వేడి చేసే డబ్బా ఏది?"

"ఏ డబ్బా?"

"ఐల్సా పాలసీసా పెట్టే డబ్బా. కెటిల్ పక్కన ఉండేది. దాని చోటు గుండ్రంగా మచ్చ పడి ఉంది, డబ్బా లేదు."

"అదా. పగిలింది. పారేశాను."

"ఎప్పుడు?"

"నిన్న. పాప బట్టల కోసం ఇంటికెళ్ళినప్పుడు."

"పాప ఇక్కడ ఈ పరిస్థితిలో ఉంటే, బట్టల కోసం వెళ్ళినదానివి డబ్బా పగలగొట్టుకుని కూర్చున్నావా? ఎక్కడ పారేశావు? మన చెత్తడబ్బాలో లేదే."

"చెత్తడబ్బా కూడా వెతికావా? కన్నతల్లి ఇంట్లో పోలీసులా దూరి—"

"ఎక్కడమ్మా?"

"బస్ స్టాప్ దగ్గర చెత్తడబ్బాలో."

"బస్ స్టాప్ దాకా మోసుకుపోయావా దాన్ని?"

"ఎటూ బస్సుకే కదా వెళ్ళేది."

"అమ్మా..."

"మెల్లగా, ఫ్రేజర్."

"మెల్లగానే అడుగుతున్నా. ఆ ఎలుకని పాప డబ్బాలో వేడి చేశావా?"

"కూర్చో ముందు."

"చేశావా?"

"కూర్చోరా నాన్నా."

"చేశావా లేదా!"

"చేశాను. సరేనా? చేశాను. ఇప్పుడన్నా కూర్చో."

"ఎందుకమ్మా? ఎందుకు చేశావు?"

"వాన పడుతోంది. షెడ్డుదాకా పోవడానికి బద్ధకించాను. సంచీ గట్టిగా కట్టాను కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. ఆ డబ్బా సరిగ్గా ఒంటి వేడికే కదా తెచ్చేది, ఎక్కువా కాదు తక్కువా కాదు. ఇంతకన్నా మంచి పద్ధతి ఏముంది అనుకున్నాను. సంచీకి ఎక్కడో చిల్లు ఉండి ఉంటుంది."

"తర్వాత అందులోనే పాప సీసా పెట్టావు."

"పెట్టారు... పెట్టాను. కడిగాను గానీ, ఉత్త నీళ్ళతో."

"దేవుడా. ఇందాక అంతా అప్పచెప్పావు నాకు, ఒక్క ముక్క తప్పు పోకుండా!"

"తెలిసి చేసే తప్పులే ఎక్కువరా."

"డాక్టరుకి చెప్పావా?"

"ఎలా వచ్చిందో తెలిస్తే మందేమన్నా మారుతుందా అని నర్సుని అడిగాను. మారదమ్మా, జబ్బు పేరు తెలిసింది చాలు అంది. అందుకని ఊరుకున్నాను."

"అక్కకి?"

"చెప్పలేదు."

"చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి."

"ఫ్రేజర్, ఒక్కమాట విను. పాప పుట్టాక మీ అక్క ఎలా ఉండేదో నువ్వు చూడలేదు. నువ్వు నీళ్ళ మీద ఉన్నావు. ఆ మగాడు వదిలేసి పోయాక అది స్నానాలగదిలో గడియ పెట్టుకుని కూర్చునేది. నేను తలుపు అవతల నేల మీద కూర్చునేదాన్ని. నన్ను చూస్తేనే పిల్ల ఏడుస్తోందమ్మా, నేను తల్లిగా పనికిరాను, నువ్వే పెంచుకో, నేనెటైనా పోతాను అనేది. ఎటు పోతావే అంటే లోపల కుళాయి తిప్పేసేది. ఆ గడియ నేనే స్క్రూడ్రైవర్ తెచ్చి ఊడదీశాను. ఇప్పుడిప్పుడే మనిషైంది. పిల్లని ఎత్తుకుని పాడుతోంది. దాని మనసు గాజుపెంకులా ఉందిరా. నువ్వు వెళ్ళి ఇదీ అదీ తవ్వకు."

"తవ్వకుండా ఏం చెయ్యమంటావ్? పాము మీద పడి ఏడుస్తోంది, నా మీద పడి ఏడుస్తోంది. నిజం తెలియొద్దా?"

"తెలియాలంటే నేను చెప్తాను. నా మీద పడి ఏడవనీ. నేను ఓర్చుకుంటాను."

వార్డు తలుపు తెరుచుకుంది. కూతురు మోర్వెన్ బయటికొచ్చింది. మూడు రోజులుగా విప్పని అదే స్వెట్టరు, కాళ్ళకి ఆసుపత్రి వాళ్ళిచ్చిన గుడ్డ చెప్పులు.

"అమ్మా! అమ్మా, నీరు శుభ్రంగా ఉందట!"

"ఏ నీరు? ఏమన్నారు?"

"వెన్నులో నీరు. మెదడుకి పోలేదట. జ్వరం కూడా దిగుతోందట. ఇప్పుడు... ఇప్పుడు ఏడ్చిందమ్మా. గట్టిగా. నర్సు చెవులు మూసుకుంది."

"నా తల్లే! నా బంగారు తల్లే! ఏడ్చిందా? విన్నావురా ఫ్రేజర్, ఏడ్చిందట!"

"విన్నాను. అక్కా, దేవుడి దయ."

"నువ్వు మాట్లాడకు. ఎప్పుడొచ్చావు?"

"ఇప్పుడే."

"వచ్చినవాడివి వచ్చినట్టే వెళ్ళి దాన్ని ఇంట్లోంచి తీసెయ్. ఎవరికిస్తావో ఇవ్వు, ఎక్కడ వదులుతావో వదులు. నేను పాపని తీసుకుని ఆ గుమ్మం తొక్కేసరికి దాని వాసన కూడా ఉండకూడదు."

"దానికి వాసనుండదక్కా."

"వెటకారమా? నా కూతురు చావు దాకా పోయొచ్చింది!"

"మోర్వెన్, తల్లీ, ఊరుకో. వాడు రాత్రి నుంచి ఏం తినలేదు."

"నేను తిన్నానా? పాముల్ని పెంచేవాడు విడిగా ఉండాలి. చంటిపిల్ల ఉన్న ఇంట్లో ఆ చచ్చిన ఎలుకలేంటి, ఆ కంపేంటి, ఆ—"

"అమ్మా, చెప్తావా? నన్ను చెప్పమంటావా?"

"ఇప్పుడా? పిల్లకి నయమవుతోందిగా. ఇంకెందుకురా."

"చెప్తానన్నావు."

"ఏంటది? ఏం చెప్పాలి? అమ్మా, డాక్టరు నీతో వేరే ఏమన్నా అన్నాడా? నా దగ్గర దాస్తున్నారా?"

"లేదే, లేదు. పాప గురించి కాదు. కూర్చో. ఇలా రా. ఆ పాముదేం తప్పు లేదమ్మా. వీడిదీ లేదు. నేను చేశాను."

"ఏం చేశావు?"

"ఎలుకని పాప పాలసీసా డబ్బాలో పెట్టి వేడి చేశాను. వాన పడుతోందని. సంచీలోంచి కారినట్టుంది."

"ఏమన్నావు?"

"పాప డబ్బాలో."

"ఎవరు... నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పేదేంటి? చేసినదాన్ని నాకొకరు చెప్పాలా? డబ్బా అడుగున బొచ్చు అంటుకుని కనపడింది. అప్పుడు తెలిసింది నాకు. తీసుకెళ్ళి పారేశాను."

"నువ్వు చేశావా?"

"నేనే."

"ఇంక విన్నావుగా అక్కా. నీ తమ్ముడు చేతులు కడుక్కోడని ఊరంతా చాటావు. ఇప్పుడు చెప్పు."

"ఒరేయ్, కాసేపు ఊరుకో."

"ఎందుకూరుకోవాలి? నా పాముని పారతో నరుకుతానన్నప్పుడు నువ్వూరుకున్నావా? అమ్మా, నువ్వూ విను. నాకు కోపం నువ్వు తప్పు చేసినందుకు కాదు. చేసి, డబ్బా మాయం చేసి, జగ్గులోనే అని నా మొహం మీదే అబద్ధం చెప్పావు. ఆరోగ్యశాఖ ఆవిడ కూర్చుని అడుగుతుంటే నోరు కుట్టేసుకున్నావు. నేనిప్పుడు ఆవిడకి ఫోన్ చేస్తాను."

"చెయ్యి నాన్నా."

"నీ పేరు చెప్తాను."

"చెప్పు. కళ్ళు సరిగా కనపడని ముసల్ది, బద్ధకించింది అని చెప్పు."

"ఇంక నువ్వు పాప సీసాలు ముట్టుకోకూడదు."

"ముట్టుకోను."

"పాలు నువ్వు కలపకూడదు. ఒంటరిగా నీ దగ్గర వదలకూడదు పాపని. అక్కా, ఇది నీకోసమే అంటున్నాను, కఠినంగా ఉన్నా అనక తప్పదు."

"ఫ్రేజర్, చాలు."

"చాలదు. రేపు ఇంకేదో చేస్తే?"

"వాడన్నది నిజమేనే మోర్వెన్. నేను కొన్నాళ్ళు ఉనా ఇంట్లో ఉంటాను. ఆ పిల్లి ఒప్పుకుంటే. నీకు కోపం తగ్గాక, ఎప్పుడన్నా ఒక ఆదివారం, దూరం నుంచి చూసి పోతాను పాపని. ఎత్తుకోనులే."

"అమ్మా, నావైపు చూడు."

"చూస్తున్నానుగా."

"కిటికీలోకి చూస్తున్నావు. నావైపు."

"నాకు కళ్ళు కనపడవే తల్లీ. ఎటు చూస్తే ఏం. నువ్వు లోపలికి పో. పాప ఏడుస్తోంది, వినపడట్లా?"

"ఏడవనీ."

"పో అంటున్నానా! చెప్పాల్సింది చెప్పేశాను, అయిపోయింది. ఇంక దీని గురించి ఎవరూ మాట్లాడొద్దు. నువ్వు మంచి తల్లివి. పో, పాపనెత్తుకో."

"చూశావా అక్కా, తప్పు తనది, గదమాయించేది మనల్ని."

"నువ్వు నోరు ముయ్యి. రిగ్గు మీద ఉంటే ఏ రోజు ఏ వారమో కూడా నీకు గుర్తుండదు కదా?"

"ఇప్పుడు దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"మోర్వెన్, వద్దు. నా మాట విను. నీకు దణ్ణం పెడతాను, వద్దు."

"గురువారం అమ్మ ఇంట్లోనే లేదురా. కళ్ళల్లో మందు వేయించుకుని పిన్ని వాళ్ళింట్లో ఉంది, పాపం చీకట్లో వచ్చి ఏం చేస్తుందిలే అని భయపడుతూనే పాముకి నేనే పెట్టాను."